ఏడో పేరు

"తీసేశావా, లేదా?"

మెట్ల మీద నుంచే అడిగాడు పెద్దవాడు. మనిషి ఇంకా పైకి రాలేదు. మాట ముందే వచ్చి గదిలో నిలబడింది.

పెద్దకోడలు ఎనిమిదింటి నుంచి కంప్యూటర్ ముందే ఉంది. ఇప్పుడు పది దాటింది. తెర మీద ‘ఇల్లు’ అన్న ఫోల్డర్ తెరిచే ఉంది. ఆమె చేతులు మాత్రం ఒళ్ళో ఉన్నాయి.

"తీస్తున్నానండీ."

"నిన్న సాయంత్రమూ ఇదే మాట. అదేమన్నా పిప్పిపన్నా, డాక్టరొచ్చి పీకేదాకా చూడ్డానికి?"

కింద కుట్టుమిషన్లు నాలుగూ ఆగి ఉన్నాయి. అవి నడిచే రోజుల్లో ఆ ఇంట్లో ఎవరి కోపమైనా సగమే వినబడేది. మూడు రోజులుగా అంతా వినబడుతోంది.

మూడు రోజుల క్రితం చిన్నవాడు భార్యను తీసుకుని గడప దాటాడు. చెప్పులు వేసుకోవడానికి వంగినవాడు చాలాసేపు వంగే ఉండిపోయాడు. వెళ్ళే మనిషికి చెప్పుల దగ్గర అంతసేపు పట్టిందంటే, వెనకనుంచి ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని చూస్తున్నాడన్నమాట. ఎవరూ అనలేదు. అతను పదకొండేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పుడు ఈ ఇంటికి కోడలిగా వచ్చి, చేత్తో అన్నం కలిపి పెట్టిన వదిన కూడా అనలేదు.

పెద్దవాడు లోపలికి వచ్చి, కళ్ళద్దాలు తీసి కీబోర్డు పక్కన పెట్టాడు. కళ్ళు నలుపుకున్నాడు.

"పన్నెండింటికి హోటల్ మేనేజరు వస్తున్నాడు. మాకు కుట్టిచ్చిన కోటు పక్క వీధి హోటల్లో తలుపు తీసేవాళ్ళ ఒంటి మీద ఎలా కనబడిందయ్యా అంటాడు. ఏం చెప్పమంటావు? మా తమ్ముడు ఇంకా మా ఫైళ్ళన్నీ చూస్తూనే ఉన్నాడు, మీరు కాస్త ఓపిక పట్టండి అని చెప్పనా?"

"అతనే ఇచ్చాడని..."

"మరి నేనిచ్చానా? నువ్విచ్చావా? ఆ జేబు చూశావు కదా!"

చూసింది. వాలుగా ఉన్న జేబు. చెయ్యి తనంతట తానే లోపలికి జారుతుంది. లోపల పైకి కనబడని ఒక చిన్న మడత. ఎంత బరువు వేసినా ఆ జేబు నోరు తెరవదు. ఆ మడత మామగారి చేతిది. ముప్పై ఏళ్ళలో బయట ఇంకెవరికీ కుదరలేదు. అది పక్క వీధిలో నాలుగు కోట్ల మీద అచ్చంగా అలాగే ఉంది.

"కోటు ఫోల్డరు వాడు వారంలో తొమ్మిదిసార్లు తెరిచాడని నువ్వే చూసి చెప్పావు," అన్నాడు పెద్దవాడు.

"మీరు చూడమంటే చూశాను. ఎందుకు తెరిచాడో అందులో రాసి ఉండదు కదండీ."

"సొంత కొట్టు పెడతానంటున్నవాడు ఎందుకు తెరుస్తాడో ఎక్కడా రాసి ఉండక్కర్లేదు."

గుమ్మంలో గాజులు చప్పుడయ్యాయి. అత్తగారు. చేతిలో రెండు టీ గ్లాసులు. ఒకటి కొడుకు ముందు, ఒకటి కోడలి ముందు పెట్టింది. వెళ్ళలేదు.

"అమ్మాయ్, వాణ్ణి దాంట్లోంచి తీసేస్తే నా ఫోన్లో వాడి నంబరు ఉంటుందా?"

"ఉంటుంది అత్తయ్యా."

"ఫొటో?"

"అదీ ఉంటుంది."

"మరింకేం పోతుంది?"

పెద్దకోడలు గ్లాసు వైపు చూసింది. "అతనికి మామయ్యగారి గొంతు వినబడదు."

అత్తగారు గుమ్మానికి ఆనుకుంది.

మామగారికి పనిలో రెండు చేతులూ ఖాళీ ఉండేవి కావు. ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో సుద్ద. అందుకని కొలతలు రాసేవాడు కాదు, ఫోన్లో చెప్పేవాడు. ఏ దుస్తు కటింగు బొమ్మ ఉన్న ఫోల్డర్లో ఆ దుస్తు మాటలు ఉండేవి. ‘వీపు పదహారున్నర. చంక దగ్గర పావు వదులు. ఒరే చిన్నాడా, ఆ కత్తెర ఎక్కడ పెట్టావురా? కాగితం కొయ్యడానికి తీశావా? నీ చేతులు విరిచేస్తాను. మెడ పదిహేను.’ ఆయన పోయిన ఈ రెండేళ్ళలో కొలతలు వినేవాళ్ళకన్నా తిట్లు వినేవాళ్ళే ఎక్కువయ్యారు. అత్తగారైతే చదువు రాని మనిషి, అరవై దాటాక కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకుంది. ఏ ఫైలు కోటో, ఏది చొక్కానో తెలిస్తే ఇంకొకరిని అడగక్కర్లేదని.

"అయితే నన్నూ తీసెయ్," అంది అత్తగారు. "వాడు వినంది నాకెందుకు?"

"అమ్మా, నువ్వు మధ్యలో రాకు."

"మధ్యలో నేను రావడమేమిట్రా? మీ ఇద్దరి మధ్యా పదేళ్ళు ఉన్నాను. వాణ్ణి కన్నదాకా."

పెద్దవాడు భార్య వైపు తిరిగాడు. "కటింగులు ఒక్కటే మూసెయ్. గొంతు వినుకోనీ. నేనేం రాక్షసుణ్ణి కాదు."

"అలా కుదరదండీ."

"ఎందుకు కుదరదు? అడ్మినువి నువ్వే కదా!"

ఎందుకు కుదరదో ఆమె ఎన్నోసార్లు చెప్పింది. ఈ ఫైళ్ళ సంగతి మొదలుపెట్టిన రోజున ఆమె మామగారిని బతిమాలింది. దుకాణానికి ఒక గ్రూపు, ఇంటికి ఒక గ్రూపు పెడదాం, ఎవరికి ఏది కావాలో అదే తెరుచుకునేలా పర్మిషన్లు ఇద్దాం అని. ఆయన ఒప్పుకోలేదు. గదికో తాళం ఉంటే దాన్ని ఇల్లనరు, సత్రం అంటారు అన్నాడు. ఒకే ఫోల్డర్, ‘ఇల్లు’. ఒకే గ్రూపు, ‘ఇంటివాళ్ళు’. గ్రూపులో ఉన్నవాళ్ళకి అన్నీ తెరుచుకుంటాయి. లేనివాళ్ళకి ఏదీ తెరుచుకోదు. ఇంకో నియమం కూడా ఆయనే పెట్టించాడు. గ్రూపులోకి ఎవరొచ్చినా, ఎవరు పోయినా అందరి ఫోన్లకీ కబురు వెళ్ళాలి. ఇంట్లో మనిషి చెప్పకుండా రాకూడదు, చెప్పకుండా పోకూడదు.

తానే ముందు చెప్పకుండా పోయాడు, అది వేరే సంగతి.

"విడదీయాలంటే రెండు రోజులు పడుతుంది. ప్రతి కటింగులోనూ ఆయన మాటలు కలిసి ఉన్నాయి. ఒక్కొక్కటి వేరు చేసి..."

"రెండు గంటలు కూడా లేవు." పెద్దవాడు టీ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు పెట్టాడు. "కిందికెళ్ళి కటింగు బల్ల సర్ది వస్తాను. వచ్చేసరికి వాడి పేరు ఉండకూడదు."

కళ్ళద్దాలు మరిచిపోయి వెళ్ళాడు. దిగే చప్పుడు మెట్టు మెట్టుకీ వినబడింది. పద్నాలుగు మెట్లు.

అత్తగారు ఖాళీ గ్లాసు తీసుకుంది. వెళ్తూ వెళ్తూ కోడలి తల మీద చెయ్యి వేసి, ఏమీ అనకుండా తీసేసింది. తిట్టినా బాగుండేది.

ఫోన్ మోగింది. చిన్నవాడు.

ఆమె లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"వదినా."

"తిన్నారా?"

"తిన్నాం. ఇక్కడ గది బానే ఉంది. కిటికీ ఒక్కటే మూసుకోదు."

"దుప్పటి పంపనా?"

"వద్దులే. అన్నయ్య తీసెయ్యమన్నాడా?"

"పన్నెండు లోపల."

"తీసెయ్. నీ మీద నాకేం కోపం లేదు. పన్నెండు దాకా ఆగి తియ్యి, అంతే. ఆ కోటు ఫైలు ఇంకోసారి వింటాను. నాన్న నన్ను మెచ్చుకున్నది అదొక్క దాంట్లోనే. మడత కుట్టి చూపిస్తే ‘ఫరవాలేదురా’ అంటాడు. చివర్లో. అదే తొమ్మిదిసార్లు తెరిచాను."

ఆమె ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

వెనకనుంచి ఇంకో గొంతు వినబడింది. తోడికోడలు. "చెప్పండి మీరు! మీరు చెప్పకపోతే నేను చెప్తాను. ఎన్నాళ్ళు మోస్తారు?"

"నువ్వూరుకో," అన్నాడు చిన్నవాడు. మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు. "వదినా, గ్రూపు జాబితా తెరిచావా?"

"ఇంకా లేదు."

"తెరువు. తెరిచాక..." ఆగాడు. "తెరిచాక నీ ఇష్టం. నేనెవరికీ చెప్పలేదు. చెప్పను కూడా."

పెట్టేశాడు.

జాబితా ఆమె ఎందుకు తెరవలేదంటే, అందులో మొదటి పేరు ‘నాన్న’ అని ఉంటుంది. మామగారు తన చేత్తో టైపు చేసిన పేర్లవి. ఆయన పోయాక ఆ పేరు తియ్యమని ఎవరూ అనలేదు, తియ్యడానికి ఆమెకూ చెయ్యి రాలేదు. కొత్తగా ఎవరినైనా చేర్చాలంటే పైనున్న గడిలో రాస్తే చాలు, కిందికి జరిపి చూడనక్కర్లేదు. చూడనక్కర్లేనిదాన్ని ఆమె రెండేళ్ళుగా చూడలేదు.

ఇప్పుడు కిందికి జరిపింది.

నాన్న. అమ్మ. పెద్దాడు. పెద్దకోడలు. చిన్నాడు. చిన్నకోడలు.

ప్రింటు షాపు.

ఆమె మళ్ళీ లెక్కపెట్టింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. ఇంట్లో ఉన్నవాళ్ళూ వెళ్ళినవాళ్ళూ పోయినవాళ్ళూ కలిస్తే ఆరుగురు. జాబితాలో ఏడు పేర్లు.

మూడు నెలల క్రితం సంగతి. హోటల్ కోటు కటింగులు పెద్ద కాగితాల మీద ప్రింటు తియ్యాలి. ప్రింటు షాపతను ఫోన్ చేశాడు. "తెరుచుకోవట్లేదమ్మా, పర్మిషన్ అడుగుతోంది." ఒక్క ఫైలు పంపితే అతని దగ్గర కొలత మారిపోతోంది. ఇంకోలా పంపితే అసలు రాలేదు. కిందనుంచి పెద్దవాడు కేకలు. సరే, ఒక్క గంటకి అనుకుని, పైనున్న గడిలో అతని పేరు రాసి గ్రూపులో చేర్చేసింది. తెరుచుకుందమ్మా అన్నాడతను. అదే నిమిషంలో కింద మిషన్ సూది పెద్దవాడి బొటనవేల్లో దిగింది. ఆమె పరుగెత్తింది. గుడ్డ చుట్టి, ఆసుపత్రికి తీసుకెళ్ళి, సూది ముక్క తీయించి, సాయంత్రానికి తీసుకొచ్చింది. ఆ ఒక్క గంట అప్పటినుంచీ అవుతూనే ఉంది.

మూడు నెలలు ముప్పై ఏళ్ళ కటింగులూ ఆ షాపులో తెరుచుకునే ఉన్నాయి. ఊళ్ళో దర్జీలందరూ ప్రింటు తీయించుకునేది ఆ షాపులోనే. పక్క వీధి హోటల్‌కి కుట్టినవాడూ అక్కడికే వెళ్తాడు.

చిన్నవాడికి తెలుసు. చేర్చిన రోజున అందరి ఫోన్లకీ కబురు వెళ్ళింది. అతను చదివాడు. పెద్దవాడి ఫోన్లో చదవని కబుర్లు వందలు ఉంటాయి, వాటిలో అదొకటి. ఇవాళ్టికీ అక్కడే ఉంటుంది, గడ్డివాములో సూదిలా. ఈ సూది వేల్లో దిగితే తీసే డాక్టరు లేడు.

మూడు రోజుల క్రితం, మిషన్ల మధ్య నిలబడి పెద్దవాడు అన్న మాట ఆమె చెవుల్లో తిరిగింది. ‘ఇంటి తలుపు బయటివాడికి తీసినవాళ్ళు తోడబుట్టినవాడైనా సరే, కట్టుకున్నదైనా సరే, ఈ కప్పు కింద ఉండటానికి వీల్లేదు.’ అప్పుడు చిన్నవాడు తలెత్తి వదిన వైపు ఒక్కసారి చూశాడు. ఆమె ఆ చూపుకి అర్థం, తనను కాపాడమని అనుకుంది. ఇప్పుడు తెలిసింది. కాపాడింది అతను.

పద్నాలుగు మెట్లు మళ్ళీ మోగడం మొదలుపెట్టాయి.

ఆమె తెర వంక చూసింది. చిన్నవాడి పేరు తీసేస్తే పన్నెండింటికి అంతా సద్దుమణుగుతుంది. నిజం అతని దగ్గరే ఉండిపోతుంది, అతను నోరు విప్పడు. ఆ మూసుకోని కిటికీ దగ్గర కూర్చుని, తన తప్పు కాని తప్పుతో ముసలివాడవుతాడు. ఏడో పేరు తీసేస్తే అందరికీ కబురు వెళ్తుంది. తియ్యకుండా వదిలేస్తే తలుపు తెరిచే ఉంటుంది. అడకత్తెరలో పోకచెక్కకైనా ఒక్క నొక్కుతో అయిపోతుంది.

"అయిందా?"

పెద్దవాడు గుమ్మంలో ఉన్నాడు. భుజం మీద టేపు. వెనకే అత్తగారు, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"ఏమండీ, ఒక్క మాట."

"తీసేశాక చెప్పు."

"ఒకవేళ అతను ఇవ్వలేదనుకోండి. ఇంకెవరో పొరపాటున..."

"పొరపాటా?" నవ్వాడు. నవ్వులో నీరసం ఉంది. మూడు రోజులుగా నిద్ర లేదని మొహమే చెబుతోంది. "ముప్పై ఏళ్ళ పని పొరపాటున పోతుందా? ఎవరు చేశారో చెప్పు, వాళ్ళనే పంపిస్తాను. నాకు తమ్ముడు తిరిగొస్తే చేదా? వాడి కత్తెర ఇంకా బల్ల మీదే ఉంది. జరపడానికి నాకు చెయ్యి రాలేదు. చెప్పు, ఎవరు?"

ఆమె నోరు తెరిచింది. పదిహేడేళ్ళ కాపురం అడ్డం పడింది. పుట్టిల్లు ఎప్పుడో మూతపడింది. ఈ గది, ఈ కుర్చీ, కింద నాలుగు మిషన్ల చప్పుడు తప్ప ఆమెకింకో చోటు లేదు.

"చూశావా, నీకూ తెలీదు," అన్నాడు పెద్దవాడు. "వదినవి, ప్రేమ ఉంటుంది. కాదనను. కానీ తియ్యి. నా కళ్ళ ముందు తియ్యి."

ఆమె చెయ్యి ఒళ్ళోంచి లేచింది. తెర మీద చిన్న బాణం పేర్ల మీదుగా జారింది. నాన్న దాటింది. అమ్మ దాటింది. చిన్నాడు దగ్గర ఒక్క క్షణం ఆగింది.

దాన్నీ దాటింది.

‘తొలగించాలా?’ అని అడిగింది తెర. ఆమె నొక్కింది.

పెద్దవాడి జేబులో టింగుమంది. బల్ల మీద ఆమె ఫోన్ టింగుమంది. అత్తగారి నడుము దగ్గర, కొంగు మడతలో, ఇంకో టింగు. ఊరికి అవతల, మూసుకోని కిటికీ ఉన్న గదిలో కూడా రెండు మోగే ఉంటాయి.

"అయింది," అన్నాడు పెద్దవాడు. అన్నాక అలాగే నిలబడ్డాడు. గోడకి ఆనుకున్నాడు. ఫోన్ తీసి దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "నా కళ్ళద్దాలేవి?"

కళ్ళద్దాలు కీబోర్డు పక్కనే ఉన్నాయి. ఆమె అరచెయ్యి వాటి మీద ఉంది. ఎప్పుడు పెట్టిందో ఆమెకే తెలియదు.

"నేను చదువుతాలే," అంది అత్తగారు. "వాడి పేరు పోవడం కూడా నా నోటితోనే చదువుతాను. నేర్చుకున్నందుకు."

ఫోన్‌ను కిటికీ వెలుగులోకి తిప్పింది. చూపుడువేలు ఒక్కో అక్షరం కింద పెట్టింది.

"ఇం... టి... వాళ్ళు. ఇంటివాళ్ళు. గ్రూ... పు. నుం... చి." ఊపిరి పీల్చుకుంది. "పె... ద్ద... కో... డ... లు. పెద్దకోడలు. తొ... ల... గిం... చి... న. తొలగించిన. పే... రు."

వేలు ఆగింది. పెద్దవాడు కళ్ళు మూసుకున్నాడు.

"ప్రి. ప్రిం. ప్రిం... టు."

పెద్దవాడు కళ్ళు తెరిచాడు.

"షా... పు. ప్రింటు షాపు!" అత్తగారి మొహం వెలిగిపోయింది. "ఒరే, ఇది చిన్నాడి పేరు కాదురా! మనవాడి పేరు కాదు! అమ్మాయ్, బంగారుతల్లివి నువ్వు, వాణ్ణి తియ్యలేదు!"

కింద పనివాళ్ళెవరో ఒక మిషన్ మొదలుపెట్టి, ఏం తోచిందో, మళ్ళీ ఆపేశారు.

"ప్రింటు షాపా?" అన్నాడు పెద్దవాడు మెల్లగా. "ప్రింటు షాపు మన ఇంటివాళ్ళలో ఎందుకుంది?"

అత్తగారు వినిపించుకోలేదు. సంతోషంలో వేలు తెర మీద పైకి జారింది. చదువు కొత్తగా వచ్చినవాళ్ళకి కనబడిన అక్షరాన్ని వదలబుద్ధి కాదు.

"దీని పైన ఇంకోటుందిరా. మూడు నెలల కిందటిది. ఇదీ పెద్దకోడలిదే. ఇన్నాళ్ళూ నేను చూడనే లేదు." అమాయకంగా తలెత్తింది. "ఇదీ చదవనా?"

పెద్దవాడు ఫోన్ వంక చూడటం లేదు. కళ్ళద్దాలు లేకపోయినా దగ్గరున్న మనిషి మొహం బాగానే కనబడుతుంది. భార్య మొహాన్నే చూస్తూ, టేపు భుజం మీద నుంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"చదువమ్మా," అన్నాడు.